స్టెన్‌గన్: కుట్టు మిషన్ల కంపెనీలో మొదలై బొమ్మల ఫ్యాక్టరీ దాకా వెళ్లిన తుపాకీ.. మూడు పౌండ్ల గన్‌కి ఇప్పుడు లక్షల ధర ఎందుకు?

సింగర్ కుట్టు మిషన్ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అదే సింగర్ కంపెనీ ఒకప్పుడు తుపాకులు కూడా తయారు చేసిందంటే నమ్ముతారా? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కష్టాల్లో ఉన్నప్పుడు కుట్టు మిషన్ల కంపెనీ, పిల్లల బొమ్మల కంపెనీ, మోటార్ సైకిళ్ల కంపెనీ.. అన్నీ కలిసి ఒకే తుపాకీని లక్షల్లో తయారు చేశాయి. దాని పేరే స్టెన్‌గన్.

చూస్తే తుపాకీలా కాదు, కుళాయి పైపుకి రెండు రేకు ముక్కలు అతికించినట్టు ఉంటుంది. అప్పట్లో ఒక్కోదాని తయారీ ఖర్చు మూడు పౌండ్లు కూడా దాటలేదు. ఈ గన్‌ వాడిన సైనికులే దాన్ని తిట్టుకున్నారు. చరిత్రను మార్చాల్సిన ఒక క్షణంలో అది పేలకుండా మొరాయించింది కూడా. అయినా యూరప్‌లో నాజీల మీద తిరగబడ్డ వేలాది మంది చేతికి అందిన ఆయుధం అదే. ఇప్పుడు అమెరికాలో చట్టబద్ధంగా కొనాలంటే వేల డాలర్లు, అంటే మన డబ్బుల్లో లక్షల రూపాయలు పెట్టాలి.

ఇంత చవక తుపాకీకి ఇంత విలువ ఎలా వచ్చింది? మన దేశానికీ దీనికీ ఉన్న లింకేంటి? అసలు ఇలాంటిది ఇంట్లో పెట్టుకోవచ్చా?

డన్‌కిర్క్ తర్వాత.. ఖాళీ చేతులు

1940 మే నెలాఖరు. ఫ్రాన్స్‌లో జర్మన్ సేనల ధాటికి బ్రిటిష్ సైన్యం సముద్ర తీరానికి నెట్టుకొచ్చేసింది. డన్‌కిర్క్ తీరం నుంచి జూన్ 4 నాటికి దాదాపు 3 లక్షల 38 వేల మంది సైనికులను పడవల్లో, ఓడల్లో ఇంగ్లండ్‌కి తీసుకొచ్చారు. మనుషులైతే బతికి వచ్చారు. కానీ ట్యాంకులు, ఫిరంగులు, లారీలు, వేల సంఖ్యలో తుపాకులు అక్కడే వదిలేసి వచ్చారు.

అటువైపు హిట్లర్ ఇంగ్లండ్ మీదికి వస్తాడన్న భయం. ఇటువైపు సైన్యం చేతిలో ఆయుధాల్లేవు. పైగా జర్మన్ల దగ్గర ఉన్న ఒక రకం తుపాకీ బ్రిటన్ దగ్గర దాదాపు లేనే లేదు. అదే సబ్ మెషిన్ గన్. పిస్టల్‌లో వాడే చిన్న బుల్లెట్‌ని, రెండు చేతులతో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ వరుసగా కాల్చే తుపాకీ ఇది. ఇళ్ల మధ్య, కందకాల్లో, దగ్గరి పోరులో బాగా పనికొస్తుంది. యుద్ధానికి ముందు బ్రిటిష్ అధికారుల్లో చాలామంది దీన్ని 'గ్యాంగ్‌స్టర్ల తుపాకీ' అని తీసిపారేశారు. తీరా అవసరం ముంచుకొచ్చాక పరుగులు పెట్టారు.

అమెరికాలో థామ్సన్ సబ్ మెషిన్ గన్ ఉంది. సినిమాల్లో గుండ్రటి డ్రమ్‌తో కనిపించే 'టామీ గన్' ఇదే. కానీ ఒక్కోదాని ధర 200 డాలర్ల పైమాటే. అట్లాంటిక్ దాటి రావాలంటే దారిలో జర్మన్ సబ్ మెరైన్లు కాచుకుని ఉన్నాయి. జర్మన్ తుపాకీని చూసి లాంచెస్టర్ అనే ఇంకో గన్‌ని బ్రిటన్‌లోనే తయారు చేశారు. అది గట్టిదే, కానీ ఖరీదైనది, తయారీకి టైమ్ పట్టేది. చివరికి అది ఎక్కువగా నౌకాదళానికే వెళ్లింది. బ్రిటన్‌కి కావాల్సింది గొప్ప తుపాకీ కాదు. త్వరగా, చవకగా, లక్షల్లో వచ్చే తుపాకీ.

ఆ పేరు ఎలా వచ్చింది?

లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఉండేది. ఈ పేరు మనవాళ్లకి కొత్త కాదు. మన పోలీసుల భుజాన దశాబ్దాల పాటు కనిపించిన 'త్రీ నాట్ త్రీ' రైఫిల్ డిజైన్‌కీ ఎన్‌ఫీల్డ్ పేరే ఉంది. ఆ కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసిన కంపెనీయే తర్వాత రాయల్ ఎన్‌ఫీల్డ్ అయ్యింది. 'తుపాకీలా తయారైన బండి' అన్న ఆ కంపెనీ నినాదం వెనకున్న కథ కూడా ఇదే.

1941 మొదట్లో మేజర్ రెజినాల్డ్ షెపర్డ్, డ్రాఫ్ట్స్‌మన్ హెరాల్డ్ టర్పిన్ కలిసి కొత్త గన్ డిజైన్ చేశారు. షెపర్డ్ పేరులోని తొలి అక్షరం, టర్పిన్ పేరులోని తొలి అక్షరం, ఎన్‌ఫీల్డ్‌లోని మొదటి రెండు అక్షరాలు కలిపితే 'స్టెన్' అయ్యింది. ఆ చివరి రెండు అక్షరాలు ఇంగ్లండ్‌వి అనే వాదన కూడా ఉంది. ఏదైనా సరే, డిజైన్ చేసినవాళ్ల పేర్లు అలా చరిత్రలో మిగిలిపోయాయి.

సింగర్, బీఎస్‌ఏ.. ఆ తర్వాత బొమ్మల కంపెనీ

స్టెన్‌గన్‌ అసలు రహస్యం దాని డిజైన్‌లోనే ఉంది. పాతకాలం తుపాకీ అంటే ఒక్కో భాగాన్ని ఉక్కు దిమ్మె నుంచి చెక్కి, నునుపు చేసి, నైపుణ్యం ఉన్న పనివాళ్లు గంటల తరబడి కూర్చుని చేయాల్సిందే. స్టెన్‌కి అంత అక్కర్లేదు. పైపు, ప్రెస్సులో నొక్కిన రేకు ముక్కలు, వెల్డింగ్.. చాలావరకు అంతే. తుపాకుల తయారీలో అనుభవం లేని చిన్న వర్క్‌షాపులు కూడా విడిభాగాలు చేసి పంపగలిగాయి.

మొదటి రకం, అంటే మార్క్ 1 స్టెన్‌గన్లు స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో ఉన్న సింగర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. ఆ తర్వాత ఇంకా సింపుల్‌గా మార్చిన మార్క్ 2 వచ్చింది. దాన్ని ప్రభుత్వ కర్మాగారాలతో పాటు మోటార్ సైకిళ్లకు పేరున్న బీఎస్‌ఏ కూడా తయారు చేసింది. కెనడాలోనూ ఉత్పత్తి మొదలైంది. ఒక్క మార్క్ 2 రకమే 20 లక్షలకు పైగా తయారైంది.

మార్క్ 3 దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరిగింది. దీన్ని తయారు చేసింది లైన్స్ బ్రదర్స్. ట్రై-యాంగ్ పేరుతో పిల్లల ఆటబొమ్మలు అమ్మే కంపెనీ. రేకుని ప్రెస్సులో నొక్కి బొమ్మ కార్లు చేసిన చేతులు అదే పద్ధతిలో తుపాకులు చేశాయి. 8 లక్షలకు పైగా మార్క్ 3 గన్లు ఇలా బయటికొచ్చాయి. యుద్ధం ముగిసేనాటికి అన్ని రకాలూ కలిపి లెక్క సుమారు 40 లక్షలు.

చవకే బలం.. చవకే బలహీనత

స్టెన్ బరువు సుమారు 3.2 కిలోలు. నిమిషానికి 500 నుంచి 600 రౌండ్ల వేగంతో కాలుస్తుంది. గురి తప్పకుండా కొట్టగలిగేది వంద మీటర్ల లోపే. మ్యాగజైన్ కింద కాకుండా ఎడమవైపు అడ్డంగా ఉంటుంది. దీంతో నేల మీద బోర్లా పడుకుని కాల్చడం తేలిక. ఇంకో తెలివైన పని కూడా చేశారు. జర్మన్లు వాడే 9 ఎంఎం బుల్లెట్‌నే దీనికీ పెట్టారు. శత్రువు దగ్గర దొరికిన బుల్లెట్లు కూడా వాడుకోవచ్చన్నమాట.

మరి సైనికులు ఎందుకు తిట్టుకున్నారు? అసలు సమస్య మ్యాగజైన్‌లో ఉంది. అందులో 32 బుల్లెట్లు పడతాయి. అవి రెండు వరుసల్లో ఉండి, పైకి వచ్చేసరికి ఒకే వరుసగా మారాలి. ఆ ఇరుకు దారిలో కాస్త దుమ్ము పడినా, మ్యాగజైన్ అంచు రేకు కొంచెం వంగినా బుల్లెట్ ఇరుక్కుపోతుంది. అందుకే అనుభవం ఉన్న సైనికులు నిండా నింపకుండా 28 లేదా 30 దగ్గరే ఆపేవారు.

పక్కకి పొడుచుకొచ్చిన మ్యాగజైన్‌ని చూస్తే దాన్నే పిడిలా పట్టుకోవాలనిపిస్తుంది. సినిమాల్లో ఎక్కువగా అలాగే చూపిస్తారు. కానీ అలా పట్టుకుంటే మ్యాగజైన్ కదిలి గన్ మొరాయించే ప్రమాదం ఉండేది. ఇంకో భయం ఏంటంటే, గన్ చేయిజారి కింద పడితే దానంతట అదే పేలే అవకాశం ఉండేది. శత్రువు కంటే ముందు పక్కనున్న మనిషికి తగిలిన సందర్భాలూ ఉన్నాయి. 'ప్లంబర్ పీడకల' లాంటి వెక్కిరింపు పేర్లు ఊరికే రాలేదు.

అలాగని పారేయలేదు కూడా. ఒక థామ్సన్ ఖర్చుతో పది, పదిహేను స్టెన్‌లు వచ్చేవి. చేతిలో ఏమీ లేకపోవడం కంటే అప్పుడప్పుడు మొరాయించే తుపాకీ మేలు కదా! బ్రిటన్ లెక్క అదే.

ప్రాగ్, 1942 మే 27.. మొరాయించిన ఆ క్షణం

స్టెన్‌గన్ చరిత్రలో అందరూ చెప్పుకునే రోజు ఇది. చెక్ ప్రాంతాన్ని హిట్లర్ తరఫున పాలిస్తున్న రీన్‌హార్డ్ హైడ్రిక్ మామూలు అధికారి కాదు. యూదుల సామూహిక హత్యాకాండకు పథకం వేసిన వాన్‌సీ సమావేశానికి 1942 జనవరిలో అధ్యక్షత వహించింది అతనే. అతన్ని అంతం చేయడానికి బ్రిటన్‌లో శిక్షణ పొందిన ఇద్దరు సైనికులు పారాచూట్లతో దిగారు. ఒకరు స్లోవాక్ జాతీయుడు యోజెఫ్ గాబ్చిక్, మరొకరు చెక్ జాతీయుడు యాన్ కుబిష్.

ఆ రోజు ఉదయం ప్రాగ్ శివార్లలో రోడ్డు మలుపు దగ్గర హైడ్రిక్ ప్రయాణిస్తున్న ఓపెన్ టాప్ మెర్సిడెస్ కారు నెమ్మదించింది. గాబ్చిక్ రోడ్డు మీదికి వచ్చి స్టెన్‌గన్ ఎక్కుపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ జరగలేదు. గన్ పేలలేదు!

డ్రైవర్ వేగం పెంచి వెళ్లిపోయి ఉంటే కథ వేరేలా ఉండేది. కానీ హైడ్రిక్ కారు ఆపించాడు. పిస్టల్ తీసి లేచి నిలబడ్డాడు. అదే సమయంలో కుబిష్ విసిరిన బాంబు కారు వెనక చక్రం దగ్గర పేలింది. గాయాలతో ఆస్పత్రిలో చేరిన హైడ్రిక్ జూన్ 4న చనిపోయాడు.

దీని మూల్యం దారుణంగా ఉంది. జూన్ 10న నాజీలు లిడిత్సే అనే గ్రామాన్ని చుట్టుముట్టి 173 మంది మగవాళ్లను అక్కడికక్కడే కాల్చి చంపారు. ఆడవాళ్లను నిర్బంధ శిబిరాలకు తరలించారు. 82 మంది పిల్లలను విషవాయువుతో చంపేశారు. ఊరిని నేలమట్టం చేశారు. గాబ్చిక్, కుబిష్ సహా ఏడుగురు పారాట్రూపర్లు జూన్ 18న ప్రాగ్‌లోని ఒక చర్చిలో చివరిదాకా పోరాడి ప్రాణాలు వదిలారు. 2016లో వచ్చిన 'ఆంత్రోపాయిడ్' సినిమా ఈ ఘటన ఆధారంగా తీసిందే.

స్టెన్ ఆ క్షణంలో పేలి ఉంటే? దీనికి సమాధానం ఎవరూ చెప్పలేరు. చవక ఆయుధం మీద ప్రాణాలు పెట్టి వెళ్లినవాళ్లు ఎంత రిస్క్ తీసుకున్నారో చెప్పడానికి మాత్రం ఈ ఒక్క ఘటన చాలు.

దొంగచాటు వర్క్‌షాపుల్లో.. చివరికి జర్మన్ల చేతిలోనూ

మార్క్ 2 స్టెన్‌కి ఇంకో గుణం ఉంది. బ్యారెల్, వెనక పిడి ఊడదీసి చిన్న సంచిలో పెట్టేయొచ్చు. అందుకే బ్రిటిష్ విమానాలు రాత్రిళ్లు ఫ్రాన్స్, నార్వే, డెన్మార్క్ లాంటి దేశాల్లో వీటిని పారాచూట్లతో జారవిడిచేవి. జర్మన్ ఆక్రమణ మీద తిరగబడ్డ రైతులు, టీచర్లు, స్టూడెంట్ల చేతికి అందిన మొదటి ఆధునిక ఆయుధం చాలాచోట్ల ఇదే.

పైనుంచి వచ్చేవి చాలనప్పుడు వాళ్లే చేసుకోవడం మొదలుపెట్టారు. డెన్మార్క్‌లో రహస్య వర్క్‌షాపుల్లో స్టెన్ కాపీలు తయారయ్యాయి. పోలండ్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. నాజీల నిఘా మధ్యే వార్సాలో ఇద్దరు ఇంజినీర్లు స్టెన్ లోపలి పద్ధతిని, జర్మన్ తుపాకీ ఆకారాన్ని కలిపి 'బ్వీస్కావిత్సా' అనే గన్ డిజైన్ చేశారు. ఆ మాటకు అర్థం 'మెరుపు'. ఇలాంటివి సుమారు 700 తయారు చేశారు. 1944 వార్సా తిరుగుబాటులో ఇవి పోరాడాయి.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. గొప్ప తుపాకుల తయారీకి పేరుపడ్డ జర్మనీ, 1944 చివరికి వచ్చేసరికి ఓటమి అంచున నిలబడి స్టెన్‌నే కాపీ కొట్టింది. ప్రఖ్యాత మౌజర్ కంపెనీ బ్రిటిష్ ముద్రలతో సహా అచ్చం అలాంటివే చేసింది. తర్వాత మ్యాగజైన్‌ని పక్క నుంచి కిందికి మార్చి ఎంపీ 3008 అనే ఇంకో రకం తీసుకొచ్చారు. నాలుగేళ్ల కిందట బ్రిటన్‌ ఎదుర్కొన్న గతే జర్మనీకీ పట్టిందన్నమాట.

లాండ్రీ కింద బుల్లెట్ల ఫ్యాక్టరీ

యుద్ధం అయిపోయినా స్టెన్ కథ అయిపోలేదు. పాలస్తీనా అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది. అక్కడి యూదుల రహస్య సైన్యం హగానా దొంగచాటుగా స్టెన్‌గన్లు తయారు చేసుకుంది. మరి బుల్లెట్లు? రెహోవోత్ దగ్గర ఒక కాలనీలో, లాండ్రీ, బేకరీల కింద భూగర్భంలో బుల్లెట్ల ఫ్యాక్టరీయే పెట్టేశారు. యంత్రాల శబ్దం లాండ్రీ మిషన్ల చప్పుడులో కలిసిపోయేది. రోజంతా భూమి కింద ఉండే పనివాళ్ల ముఖాలు పాలిపోయి అనుమానం రాకుండా, వాళ్లకు ప్రత్యేక దీపాల కాంతి పట్టించి ఎండకి తిరిగినట్టు కనిపించేలా చేసేవారు. 1945 నుంచి 1948 వరకు అక్కడ 20 లక్షలకు పైగా 9 ఎంఎం బుల్లెట్లు తయారయ్యాయి. అప్పుడు స్టెన్ ఎక్కుపెట్టింది దాన్ని పుట్టించిన బ్రిటన్‌ మీదే. ఇప్పుడు ఆ చోటు మ్యూజియం.

మన దేశంలో స్టెన్‌గన్

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ ద్వారా స్టెన్ మన సైనికుల చేతికి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన మొదటి కశ్మీర్ యుద్ధంలోనూ అది ఉంది.

1948 ఫిబ్రవరి 6. నౌషెరా సెక్టార్‌లోని తైన్‌ధార్. రాజ్‌పుత్ రెజిమెంట్‌కు చెందిన నాయక్ జదునాథ్ సింగ్ తొమ్మిది మందితో ఒక పికెట్‌ని కాపాడుతున్నారు. శత్రువులు అలలు అలలుగా వచ్చి పడ్డారు. తోటివాళ్లంతా చనిపోవడమో, గాయపడటమో జరిగింది. గాయాలతో ఒంటరిగా మిగిలిన జదునాథ్ సింగ్ స్టెన్‌గన్ పట్టుకుని బయటికి దూకి ఎదురుదాడి చేశారు. శత్రువులు చెల్లాచెదురయ్యారు. అదే దాడిలో ఆయన నేలకొరిగారు. దేశం ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చింది.

1971 బంగ్లాదేశ్ విముక్తి పోరాటంలో ముక్తి బాహిని యోధులూ స్టెన్‌గన్లు వాడారు.

ఈలోగా బ్రిటన్‌లో స్టెన్ స్థానంలో స్టెర్లింగ్ వచ్చింది. జార్జ్ ప్యాచెట్ డిజైన్ చేసిన ఈ గన్‌కి కూడా మ్యాగజైన్ పక్కనే ఉంటుంది, కాకపోతే వంపు తిరిగి ఉంటుంది. స్టెన్‌ని సతాయించిన మొరాయింపు సమస్య దీంతో చాలావరకు తీరింది. ఈ స్టెర్లింగ్ రకాన్నే మన దేశంలో కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ 'కార్బైన్' పేరుతో తయారు చేసింది. ఒకప్పుడు నాయకుల వెంట గన్‌మెన్ల భుజాన వేలాడుతూ కనిపించిన పొట్టి తుపాకీ ఇదే. 'స్టార్ వార్స్' సినిమాలో తెల్ల కవచాల సైనికులు పట్టుకున్న గన్ కూడా స్టెర్లింగ్‌కి వేషం మార్చిందే.

అయితే మనవాళ్ల నోట్లో మాత్రం పాత పేరే నిలిచిపోయింది. భుజాన వేలాడే పొట్టి ఆటోమేటిక్ గన్ ఏదైనా సరే 'స్టెన్‌గన్' అనేయడం అలవాటైంది. 1984 అక్టోబర్ 31న ప్రధాని ఇందిరా గాంధీపై అంగరక్షకుడు సత్వంత్ సింగ్ కాల్పులు జరిపిన తుపాకీని కొన్నిచోట్ల స్టెర్లింగ్ కార్బైన్ అని, చాలాచోట్ల స్టెన్‌గన్ అని రాశారు. రెండు పేర్లు అంతగా కలిసిపోయాయి.

ఏ మార్క్ ఏంటి? ఒక్క చూపులో

- మార్క్ 1: 1941లో వచ్చిన తొలి రకం. తర్వాతి వాటితో పోలిస్తే కాస్త పనితనం కనిపిస్తుంది. తక్కువ సంఖ్యలో తయారైంది.
- మార్క్ 2: అన్నింటికంటే ఎక్కువగా తయారైనది. బ్యారెల్ ఊడదీయొచ్చు. యూరప్ తిరుగుబాటుదారుల గన్ అంటే ఇదే. శబ్దం తగ్గించే సైలెన్సర్‌తో ప్రత్యేక దళాల కోసం చేసినదీ ఇందులోనే ఉంది.
- మార్క్ 3: బొమ్మల కంపెనీ తయారు చేసినది. బ్యారెల్ మార్చడానికి వీల్లేదు. పాడైతే పక్కన పడేయడమే.
- మార్క్ 4: ప్రయోగ దశ దాటలేదు.
- మార్క్ 5: 1944లో వచ్చింది. చెక్క పిడితో చూడ్డానికి బాగుంటుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో జరిగిన ఆర్న్‌హెమ్ పోరులో బ్రిటిష్ పారాట్రూపర్లు వాడారు.

కలెక్టర్లు దీని వెంట ఎందుకు పడుతున్నారు?

పాత ఆయుధాలు సేకరించేవాళ్లు మామూలుగా నగిషీ, పనితనం చూస్తారు. స్టెన్‌లో అవేవీ లేవు. వెల్డింగ్ అతుకులు కూడా సరిగా రుద్ది ఉండవు. అయినా దానికి డిమాండ్ ఉంది. ఎందుకంటే ఆ అతుకులే దాని చరిత్ర. ఎంత తొందరలో, ఎంత భయంలో తయారైందో చూడగానే తెలిసిపోతుంది.

కలెక్టర్లు ముందుగా చూసేది మీద ఉన్న గుర్తులు. ఏ మార్క్, ఎవరు తయారు చేశారు, సీరియల్ నంబర్ ఏంటి, విడిభాగాలన్నీ ఒకే గన్‌వేనా లేక నాలుగైదు గన్లవి కలిపి అతికించారా అన్నవి ముఖ్యం. యుద్ధం తర్వాత స్టెన్‌లు దేశదేశాలు తిరిగాయి, ముక్కలై మళ్లీ కలిశాయి. దీంతో పూర్తిగా ఒరిజినల్‌గా మిగిలినవి తక్కువ. అప్పటి క్యాన్వాస్ బెల్టు, మ్యాగజైన్ నింపే పరికరం లాంటివి తోడుగా ఉంటే విలువ ఇంకా పెరుగుతుంది.

ఇక ధర విషయానికొస్తే, దాన్ని నిర్ణయించేది ఇనుము కాదు, కాగితం.

అమెరికాలో 1934 చట్టం ప్రకారం మెషిన్ గన్లను ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాలి, చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను కట్టాలి. 1986 మే 19 నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఆ తేదీకి ముందే రిజిస్టర్ అయినవాటిని మాత్రమే మామూలు జనం కొనుక్కోవచ్చు. కొత్తగా ఒక్కటి కూడా చేరదు. ఉన్నవి అరిగిపోతూ, పాడైపోతూ ఉంటాయి తప్ప పెరగవు. సరుకు పరిమితం, కొనేవాళ్లు ఎక్కువ. అందుకే ఒకప్పటి మూడు పౌండ్ల గన్ వేల డాలర్లకు చేరింది. ఇంకో విషయం.. అమెరికా మార్కెట్‌లో కనిపించే స్టెన్‌లలో చాలావరకు 1986కి ముందు పాత విడిభాగాలను కొత్త పైపుతో కలిపి రిజిస్టర్ చేసినవే. రిజిస్ట్రేషన్ ఉంటుంది కానీ, యుద్ధం చూసిన గన్ అని పూర్తిగా చెప్పలేం. తెలిసిన కలెక్టర్లు ఈ రెండింటికీ వేర్వేరు ధర కడతారు.

బ్రిటన్‌లో దారి వేరు. పనిచేసే ఆటోమేటిక్ గన్ మామూలు వ్యక్తుల దగ్గర ఉండకూడదు. మళ్లీ కాల్చడానికి వీల్లేకుండా శాశ్వతంగా నిర్వీర్యం చేసి, అధికారిక సర్టిఫికెట్ ఇచ్చిన గన్‌నే షోకేస్‌లో పెట్టుకోగలరు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. హెచ్1బీ, స్టూడెంట్ వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు కొన్ని మినహాయింపులు తప్ప అసలు తుపాకీ కలిగి ఉండటమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. పాతది కదా, కలెక్షన్ కోసమే కదా అంటే కుదరదు.

ఇండియాలో ఇంట్లో పెట్టుకోవచ్చా?

సూటిగా చెప్పాలంటే, కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ట్రిగ్గర్ నొక్కి ఉంచితే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా వరుసగా కాల్చే తుపాకీ 'నిషేధిత ఆయుధం'. మామూలు గన్ లైసెన్స్ దీనికి పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. 2019లో చేసిన సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్ల జైలు.

'గన్ మొత్తం కాదు, ఒక్క పార్టే' అన్నా తప్పించుకోలేరు. చట్టం దృష్టిలో విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి పాత మిలిటరీ పార్ట్ అని ఆర్డర్ పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. తాతల కాలం నాటి ఇంట్లో, అటకమీద పాత ట్రంకు పెట్టెలో ఇలాంటిది ఏదైనా బయటపడితే తుడిచి, విప్పి చూసే ప్రయత్నం చేయొద్దు. లోపల బుల్లెట్ ఉందో లేదో పైకి తెలియదు. కింద పడితేనే పేలే గుణం దీనిదని పైన చూశాం కదా. వెంటనే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్పడమే సరైన పని.

ఆసక్తి ఉన్నవాళ్లకు మ్యూజియంలు ఉన్నాయి. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ సేకరణల్లో స్టెన్‌గన్లు ఉన్నాయి. రెహోవోత్ భూగర్భ ఫ్యాక్టరీని టూరిస్టులు దిగి చూడొచ్చు. తుపాకీ మీద చేయి వేయకుండానే దాని చరిత్ర తెలుసుకునే దారులు ఇవి.

మొత్తానికి..

స్టెన్ ఏనాడూ గొప్ప తుపాకీ కాదు. దాన్ని చేసినవాళ్లు కూడా అలా చెప్పుకోలేదు. యుద్ధం అయ్యేదాకా పనిచేస్తే చాలనుకుని చేసిన గన్ అది. ఒకచోట నమ్మినవాడి చేతిలో మూగబోయింది. ఇంకోచోట గాయాలతో ఒంటరిగా నిలబడ్డ జవాను చేతిలో పికెట్‌ని కాపాడింది. ఇవాళ వేలం పాటలో దానికి పలికే ధర ఆ రెండింటినీ లెక్కగట్టలేదు. లిడిత్సేలో చనిపోయిన పిల్లలనూ, తైన్‌ధార్‌లో ఒరిగిన నాయక్‌నూ గుర్తుపెట్టుకుంటేనే ఆ పైపు ముక్క చరిత్ర అవుతుంది. లేదంటే అది మూడు పౌండ్ల ఇనుమే.